టమోటా గంప వెయిట్ కాదు

ఫిజియోథెరపీలో మేము రోజూ వాడే మాటల్లో "వెయిట్" అన్నంత మోసకారి మాట ఇంకొకటి లేదు. పుస్తకంలో ఉన్నంతసేపు అది మర్యాదగానే ఉంటుంది. రోగి చెవిలో పడ్డాక ఏ అవతారం ఎత్తుతుందో మనకు తెలియదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడు, మీరు రోగిని ఇంటికి పంపేముందు ఏమి చెప్తారో ఒకసారి చెప్పండి, వింటాను అంటాను. అందరూ ఒకే పాఠం అప్పజెప్తారు, ఆపరేషన్ తర్వాత వెయిట్స్ ఎత్తకూడదు అని. తప్పేమీ లేదు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. అతని సంగతి మీకోసమే రాస్తున్నాను. మొదటి సగం చదివి నవ్వుకోవచ్చు, మేమూ నవ్వుకున్నాం. రెండో సగం గురించి నేనేమీ హామీ ఇవ్వలేను.

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. సర్జన్ గారు సొంత ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి దాన్ని ఆసుపత్రి చేశారు. నాకిచ్చిన గది అంతకుముందు విరిగిన మంచాలు పడేసే గది. అందులో ఒక బల్ల, గోడకు బిగించిన చెక్క నిచ్చెన, కూర్చుని తొక్కే కసరత్తు సైకిలు ఉండేవి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ సైకిలును చూసి చక్రాలు ఎవరు ఎత్తుకుపోయారని నన్ను జాలిగా అడిగేవాళ్లు. మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. తర్వాత తర్వాత, పోలీసులు వెతుకుతున్నారు అని చెప్పి పని మొదలుపెట్టేదాన్ని.

సర్జన్ గారిది తమిళ దేశం. తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నారు. చేతి పనిలో ఎంత నేర్పో మాటలో అంత పొదుపు. రోగికి చెప్పాల్సింది ఒక్క వాక్యంలో చెప్పేసి కాఫీకి వెళ్లిపోయేవారు. ఆయన వాక్యానికి మిగతా భాష్యం చెప్పేది మా హెడ్ నర్సు. మిషన్ కాంపౌండులో పెరిగి మిషన్ బడిలో చదివిన మనిషి. నేనూ అదే కాంపౌండు పిల్లనే కాబట్టి నా మీద ఆమెకు అత్తగారి అధికారం ఉండేది. థియేటర్లోకి వెళ్లే ప్రతి రోగి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. బొట్టు పెట్టుకున్నవాళ్లూ, టోపీ పెట్టుకున్నవాళ్లూ అందరూ తల వంచేవాళ్లు. ఆ సమయంలో ఎవరికీ అభ్యంతరాలు గుర్తుండవు.

అతను పుంగనూరు దగ్గర పల్లెవాడు. మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు వెయిట్ ట్రైనింగ్ నేర్పే కోచ్‌గా ఉండేవాడు. అంతకుముందు రాడ్డు ఎత్తే పోటీలకు జిల్లా తరఫున వెళ్లినవాడు. మా గది గుమ్మంలో నిలబడితే లోపల వెలుతురు తగ్గిపోయేది. అతని వెనక వాళ్లమ్మ వచ్చేది, అతని మోచేతి ఎత్తు మనిషి. భర్త లేడు, ఉన్నది ఈ ఒక్క కొడుకు. అతనికి కుడి గజ్జలో పేగు జారింది. మేము హెర్నియా అంటాం. కాలేజీ జిమ్ములోనే రాడ్డు కింద కూర్చుని లేచేటప్పుడు మొదలైందట. దాన్ని చాలాకాలం లంగోటా బిగించి దాచుకున్నాడు.

మొదటి ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇంటికి పంపే రోజు సర్జన్ గారు తన ఒక్క వాక్యం చెప్పారు.

"మూడు నెల వెయిట్స్ తీయకూడదప్పా. మరిచిపోవద్దు."

అతను రెండు చేతులూ జోడించాడు. "ముట్టుకోను సార్. ఆ పక్కకే పోను."

నేను నా వంతు చెప్పాను. మంచం మీద నుంచి పక్కకు తిరిగి ఎలా లేవాలి, దగ్గు వస్తే దిండు పొట్టకు ఎలా అదుముకోవాలి, రోజూ ఎంత నడవాలి. అంత బుద్ధిగా విన్న రోగి నాకు మళ్లీ దొరకలేదు. దగ్గు రాకపోయినా దిండు పట్టుకునే కూర్చునేవాడు.

గడువు ఇంకా తీరకముందే మళ్లీ వచ్చాడు, అదే చోట వాపుతో. కుట్లు లోపల ఊడిపోయాయి. సర్జన్ గారికి కోపం రావడం నేను చూసింది తక్కువ, ఆ రోజు వచ్చింది.

"వెయిట్స్ తీసినావు," అన్నారు.

"లేదు సార్."

"తీయకుండా ఇది ఎట్లా వస్తుంది?"

"ప్రమాణంగా సార్. జిమ్ము బీగాలు గూడా ప్రిన్సిపాల్ చేతికి ఇచ్చేసి ఊరికి పోతిని. యాడ బుద్ధి పుడతాదో అని."

తల్లి ముందుకొచ్చింది. "నా బిడ్డ ఇనుము ముట్టలేదు సామీ. నా కండ్ల ముందరే ఉండాడు. ఇంటి పట్టునే ఉండాడు."

సర్జన్ గారు నమ్మలేదు. అబద్ధాలు చెప్పే రోగుల గురించి ఇంగ్లీషులో ఏదో అనుకుంటూ కాఫీకి వెళ్లిపోయారు. అతను తల వంచుకుని కూర్చున్నాడు. నాకెందుకో ఆ మనిషి అబద్ధం చెప్తున్నాడని అనిపించలేదు. పక్కన కూర్చుని అడిగాను, ఇంటి దగ్గర ఇన్ని రోజులు ఏం చేస్తూ ఉన్నావు అని.

"ఏముందిమా, ఊరికే ఉంటిని. పొద్దున్నే మీరు చెప్పినట్ల నడిచేది. అన్నం తినేది. టమోటా కోత గదా, గంపలు రోడ్డు కాడికి మోసేది. లారీకి ఎత్తేది. సాయంత్రం మళ్లా నడిచేది."

"గంపలు మోసినావా?"

"ఆ. మనుషులు దొరకలేదుమా. అమ్మ ఒకతే ఏం జేస్తాది?"

"సార్ వెయిట్స్ ఎత్తొద్దని చెప్పారు కదప్పా."

అతను నా మొహంలోకి చూశాడు. అందులో వెటకారం లేదు, అర్థం కాని బాధ ఉంది. "అవి టమోటాలు గదమ్మా," అన్నాడు. "వెయిట్స్ యాడ ఎత్తినాను?"

పక్కనే ఉన్న హెడ్ నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నేను ఉద్యోగ ధర్మం కొద్దీ కూర్చున్నాను. కాసేపటికి నవ్వు పోయి అతని మాటలో న్యాయం కనబడింది. అతని లోకంలో వెయిట్స్ అంటే ఒక వస్తువు పేరు. గుండ్రంగా, నల్లగా, మధ్యలో చిల్లుతో, మీద అంకె వేసి ఉండే ఇనుప ప్లేటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పేరుతోనే దాన్ని పిలుస్తాడు, వెయిట్స్ తీసుకురా, వెయిట్స్ సర్దు అని. గంపను గంప అంటాడు. మూటను మూట అంటాడు. అది ఇంటి పని. ఇంటి పనిని వ్యాయామమని ఎవరైనా అనుకుంటారా? డాక్టరు గారు పేరు పెట్టి మరీ వద్దన్న వస్తువును అతను నిజంగానే ముట్టుకోలేదు. ఇది వేరే ఊళ్లో, వేరే పని చేసుకునే మనిషికి జరిగేది కాదు. టమోటా పండే నేల మీద పుట్టి ఇనుముతో బతికేవాడికే జరగాలి.

ఈ సంగతి చెప్పినప్పుడు సర్జన్ గారు ముందు నవ్వారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అతని దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, "నా తెలుగు తప్పు. నీది కాదు," అన్నారు. ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో వెయిట్ అనే మాట పోయింది. బిందె ఎత్తొద్దు, మూట ఎత్తొద్దు, గంప ఎత్తొద్దు, గ్యాసు సిలిండరు జరపొద్దు, మనవణ్ణి చంకనెత్తుకోవద్దు అని ఆయనే స్వయంగా తమిళపు యాసలో పాఠం చదివేవారు. గొర్రెపిల్లను కూడా అని హెడ్ నర్సు కలిపేది. ఆయన కాఫీ చల్లారిపోయేది.

నవ్వుకునే సగం ఇంతే.

రెండో ఆపరేషన్ కాస్త పెద్దది. అప్పుడప్పుడే మా దగ్గరికి వచ్చిన పద్ధతిలో, బలహీనపడ్డ చోట సన్నటి వల లాంటిది పెట్టి కుట్టారు. ఈసారి గడువు మొత్తం అతను గంపల జోలికి పోకపోవడమే కాదు, గ్లాసు కూడా జాగ్రత్తగా ఎత్తాడు. గాయం బాగా మానింది. పొట్ట గట్టిపడింది. ఇక మెల్లగా బరువు అలవాటు చేయాలి, అది నా పని. జూన్‌లో కాలేజీ తెరిచేలోపు వచ్చి, తన ఒంటి బరువంత రాడ్డు పిల్లల ముందు ఎత్తి చూపిస్తే ఉద్యోగం ఉంటుందని, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని ప్రిన్సిపాల్ కబురు పంపారు. ఆయన్ను తప్పుపట్టలేం. ఎత్తలేని మనిషిని ఎత్తడం నేర్పడానికి పెట్టుకోరు కదా.

నేను చీపురు కర్రతో మొదలుపెట్టాను. కర్ర పట్టుకుని వంగి, లేచేటప్పుడు ఊపిరి వదలాలి. అతను ఇన్నేళ్లూ పిల్లలకు దమ్ము బిగబట్టమని నేర్పినవాడు. ఇప్పుడు వదలడం నేర్చుకోవాలి. కర్రతో బాగానే చేశాడు. తర్వాత నీళ్లు పోసిన డబ్బా. అక్కడ ఆగిపోయాడు. డబ్బా పిడి మీద చెయ్యి వేస్తాడు, నుదుటి మీద చెమట పడుతుంది, ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే గజ్జ మీదికి వెళ్తుంది. చెయ్యి తీసేస్తాడు. రేపు చేస్తామా అంటాడు. అది చిన్నపిల్ల కూడా ఎత్తే డబ్బా. నొప్పి ఉందా అంటే లేదు. వాపు ఉందా అంటే నేనే చూశాను, లేదు. మరేంటప్పా అని ఒకరోజు కొంచెం గట్టిగానే అడిగాను.

అతను కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "మా నాయన దీంతోనే పోయినాడుమా."

శెనిక్కాయ మూటలు మోస్తున్నప్పుడు వాళ్ల నాయనకు గజ్జలో ఉండ లేచిందట. ఎంత అదిమినా లోపలికి పోలేదు. వాంతులు. పొట్ట డప్పులా బిగుసుకుంది. నాటు వైద్యుడు ఏదో పసరు పోశాడు. అప్పటికి ఇతను బడికి పోయే పిల్లాడు.

"అరిసి అరిసి, ఆ పొద్దు సాయంత్రం అరుపు నిలిసిపోయింది. తగ్గిపోయిందని అనుకుంటిమి మేము. అమ్మ గంజి కాంచింది. గిన్నె తెచ్చేసరికి పోయిండాడు."

ఆ అరుపు నిలిచిపోవడం ఏమిటో మాకు తెలుసు. లోపల పేగు చచ్చిపోతే నొప్పి ఆగుతుంది. ఇంట్లోవాళ్లు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. నేను ఆ మాట అతనికి చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. రెండో ఆపరేషన్ అయ్యాక తల్లి అతని చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది, మళ్లీ ఇనుము ముట్టనని. కాలేజీ ఉద్యోగం వదిలేసి ఊళ్లో అంగడి పెట్టుకోవాలని ఆమె పట్టు. బయట బెంచీ మీద కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్లి, ఇప్పుడు మీ అబ్బాయికి భయం లేదమ్మా, లోపల వల వేశారు, మెల్లమెల్లగా ఎత్తితే ఇంకా గట్టిపడతాడు అని చెప్పాను.

"నీకేం దెలుసు తల్లీ," అంది. "నువ్వు బుక్కులో సూసినావు. నేను మనిషిని సూసినాను."

ఆమెకూ నాకూ మధ్య ఆమె కొడుకు ఇరుక్కుపోయాడు. అతని చేతికి వచ్చిన పని అదొక్కటే. దాన్ని పోగొట్టుకోబోతున్నాడు. అంతకన్నా పెద్దది, తన ఒంటి మీద తనకే నమ్మకం పోయింది. వాన పడుతుంటే పరిగెత్తడు. తుమ్ము వస్తే ముక్కు నలుపుకుంటాడు. అలాంటివాడు ఏ అంగడిలో కూర్చున్నా సుఖంగా ఉండడని నాకు అర్థమైంది.

వాళ్లమ్మకు కూడా అర్థమైంది, కానీ నా మాటల వల్ల కాదు. ఒక మధ్యాహ్నం అతను గది నుంచి బయటికొచ్చి మెట్ల దగ్గర ఆగాడు. చెప్పుల్లో ఒకటి తిరగబడి కింది మెట్టు మీద పడి ఉంది. వంగడానికి ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచించడం ఎంతసేపు సాగిందంటే, తల్లి లేచి వెళ్లి చెప్పు తీసి అతని కాలి దగ్గర పెట్టింది. వార్డులో అందరూ చూస్తున్నారు. గుమ్మం నిండా ఉండే మనిషి, అతని చెప్పులు సర్దుతున్న ఆ పిడికెడు ముసలమ్మ. అతను ఏడవలేదు. మొహం మాత్రం చూడలేకపోయాం. ఆమె కాలి దగ్గర నుంచి తలెత్తి ఆ మొహం చూసింది.

మరుసటి వారం వచ్చినప్పుడు నేరుగా నా గదిలోకి వచ్చింది. "ఒట్టు తీసి గట్టున పెట్టినా," అంది. "వాణ్ణి ఎత్తమను. కాకుంటే ఆ కాలేజీలో ఎత్తేటప్పుడు నేను ఆడ ఉండాల. ఏమన్నా అయితే నా ముందరే కావాల."

ఒట్టు గట్టెక్కాక అతని చెయ్యి కూడా కదిలింది. డబ్బా ఎత్తాడు. ఇసుక సంచి ఎత్తాడు. పక్క వీధిలోని జిమ్ము నుంచి ఖాళీ రాడ్డు తెప్పించాను. దానికి కొంచెం కొంచెంగా ప్లేట్లు పెంచుతూ వచ్చాం. భయం పూర్తిగా పోలేదు. నేను ఎదురుగా ఉంటే ఎత్తేవాడు, ఫోను మోగి పక్క గదికి వెళ్తే ఆపేసేవాడు. కుప్పానికి కూడా మీరు రావాలమ్మా అని అడిగాడు. సెలవు అడిగితే సర్జన్ గారు వెంటనే ఇచ్చారు. "పో. వాడు ఎత్తకపోతే నేను వేసిన వలకి మర్యాద లేదు," అన్నారు. హెడ్ నర్సు నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, ఆపరేషన్ నాకే అన్నట్టు.

మదనపల్లెలో పొద్దున బస్సెక్కాను. పుంగనూరులో తల్లీకొడుకులు ఎక్కారు. ఆమె చేతిలో పెద్ద సంచి ఉంది, సద్ది, నీళ్లు, మామిడికాయలు, ఇంకేముందో తెలియదు. కొడుకును దాన్ని ముట్టుకోనివ్వలేదు. పలమనేరులో బస్సు మారేటప్పుడు ఆ సంచి మోసుకుంటూ ఆమె ముందు నడుస్తోంది, వెనక అతను ఖాళీ చేతులతో నడుస్తున్నాడు. బస్టాండులో ఒక పెద్దాయన ఆగి, "ఏమప్పా, దున్నపోతు మాదిరి ఉండావు, ముసల్దాని చేత మోపిస్తాండావే," అన్నాడు. ఆమే తిరిగి, "నా ఇష్టం, నేను మోస్తా. నీకు యాల?" అంది. నేను సంచి అందుకోబోతే నన్నూ కసురుకుంది. ఆమె దారి పొడుగునా కిటికీ లోంచి తోటలు చూస్తూనే ఉంది, కానీ ఏమీ చూడడం లేదని తెలుస్తూనే ఉంది.

కుప్పం కాలేజీలో జిమ్ము అంటే రేకుల షెడ్డు. సున్నం వేసిన గోడలు, ఒక మూల తుప్పు పట్టిన అద్దం. విద్యార్థులు పదిమందికి పైనే వచ్చారు, తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడుతూ. సార్‌ను చూడగానే మీద పడబోయి, వాళ్లమ్మను చూసి ఆగారు. ప్రిన్సిపాల్ మంచిగానే మాట్లాడారు. ఒక కుర్చీ తెప్పించి ఆమెను కూర్చోబెట్టారు. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అతను చొక్కా విప్పి బనియన్‌తో నిలబడ్డాడు. పిల్లలే ప్లేట్లు ఎక్కించారు. నేను రెండు వైపులా చూసి సరిపోయిందని చెప్పాను. చిన్న బరువుతో మొదట ఒళ్లు వేడి చేయించాను. తర్వాత అతను అసలు రాడ్డు దగ్గరికి వెళ్లాడు. అరచేతులకు సుద్దపొడి రాసుకున్నాడు. వంగి పట్టుకున్నాడు. వదిలేశాడు. లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి మళ్లీ గజ్జ వైపు వెళ్తుందేమోనని నేను చూస్తున్నాను. సగం దూరం వెళ్లి ఆగింది. "ఊపిరి వదులప్పా, అంతే," అన్నాను. మళ్లీ వంగాడు. ఈసారి రాడ్డు లేచింది. మోకాళ్లు, నడుము, భుజాలు. భుజాల మీద ఒక క్షణం ఆగి, పెద్దగా ఊపిరి వదులుతూ దాన్ని తలకు పైగా ఎత్తాడు. చేతులు వణకలేదు. నిలబెట్టి, మెల్లగా దింపి, నేల మీద చప్పుడు కాకుండా పెట్టాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ వచ్చి చెయ్యి కలిపి, కాలేజీ తెరిచిన రోజు నుంచి డ్యూటీకి రమ్మన్నారు. నేను అతని పొట్ట అదిమి చూశాను, దగ్గమని చూశాను. ఎక్కడా ఏమీ లేదు. నాకు పట్టలేనంత సంతోషమైంది. నా సర్వీసులో అంత సంతోషం నాలుగైదు సార్లకు మించి రాలేదు. ఆ సంతోషం పంచుకుందామని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె సంచిని అలాగే పట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు నేల మీద ఉన్నాయి.

"సూసినారామ్మా, ఏమీ కాలేదు," అన్నాను, ఆమె యాసలోనే.

"ఈ కోసి కుట్టేది," అంది, "ఆ కాలంలో గూడా ఉండిందా తల్లీ?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏ కాలంలో అని అడిగాను.

"వాళ్ల నాయన పోయిన కాలంలో."

"ఉండిందమ్మా."

"మదనపల్లెలో?"

"మదనపల్లెలోనే."

ఆమె తల ఊపింది. అవతల పిల్లలు వాళ్ల సార్ చుట్టూ చేరి నవ్వుతున్నారు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"మా మరిది బండి గట్టినాడు, మదనపల్లెకు ఎత్తకపోదామని. నేనే ఎద్దుల ముందర అడ్డం పడుకుంటి. కడుపు కోస్తారంట, కోస్తే మనిషి దక్కడంట అని ఊళ్లో అన్యారు. సంపినా నేను పంపను అంటి. మరిది బండి ఇప్పేసినాడు." సంచి పిడి వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "నిజం చెప్పు తల్లీ. ఆ పొద్దు పంపించింటే, బతికిండేవాడా?"

ఇలాంటి ప్రశ్నకు మా వృత్తిలో తయారుగా ఉండే జవాబులు చాలా ఉన్నాయి. అప్పుడు అలా జరగాలని ఉందమ్మా. దేవుడి చిత్తం. అప్పటి వైద్యం వేరు, చెప్పలేం. మూడూ నా నాలుక మీదికి వచ్చాయి. మూడోదానిలో కొంత నిజం కూడా ఉంది. కానీ ఆమె నా కళ్లలోకి చూస్తోంది. ఇన్నేళ్లుగా అందరూ ఆ జవాబులే ఇచ్చి ఉంటారని నాకు తెలుసు. వాటితో ఆమె కడుపు నిండలేదని కూడా తెలిసింది.

"బతికిండేవాడమ్మా," అన్నాను. "తొందరగా తెచ్చింటే బతికిండేవాడు."

నేను తిరిగొచ్చి ఈ సంగతి చెప్తే మా హెడ్ నర్సు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆ ముసలామెకు ఒక్క అబద్ధం చెప్తే ప్రభువు నిన్ను కాదనేవాడా అని అడిగింది. ఆమె మాట తీసిపారేసేది కాదు. పిల్లలూ, మీరైతే ఏం చెప్పేవాళ్లో మీరే ఆలోచించుకోండి. నాకు ఇప్పటికీ ఆ షెడ్డులో ఇంకో మాట వచ్చేది కాదు.

షెడ్డులో ఆ తల్లి ఏడవలేదు, అరవలేదు. ఊపిరి ఒకసారి గట్టిగా తీసి వదిలింది.

"నాకు దెలుసు," అంది. "నా కొడుకును రెండుతూర్లు కోసినారు, రెండుతూర్లూ లేసి నడిసి బయటికొచ్చినాడు గదా. మొదటితూరే తెలిసింది నాకు. అందరూ తలరాత అంటే ఊ అంటా వచ్చినాను. ఇనుమును తిడతా వచ్చినాను. ఎవురిని తిట్టాలనో నాకు దెలీదా?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాయలు కాచిన చెయ్యి, బరువులు మోసిన చెయ్యి. తర్వాత చెయ్యి విడిపించుకుని, సంచి కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"వాణ్ణి ఇంకొకతూరి ఎత్తమను," అంది.

"ఎందుకమ్మా? ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు కదా."

"ఇందాక నేను సూడలేదు. కండ్లు మూసుకోని ఉంటి."

అతనికి చెప్పాను. అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. కాసేపు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ పొట్ట అదిమి చూసి, సరేనన్నాను. పిల్లలు పక్కకు జరిగారు. ఆమె కుర్చీలోంచి లేచి, కొడుకుకు ఎదురుగా వచ్చి నిలబడింది. అతను వంగి రాడ్డు పట్టుకున్నాడు. అది నేల విడిచినప్పుడు ఆమె కళ్ల నుంచి నీళ్లు మొదలయ్యాయి. తుడుచుకోలేదు. రాడ్డు మోకాళ్లు దాటింది, భుజాల మీద ఆగింది, తల పైకి వెళ్లింది. అతను దాన్ని తిరిగి నేలకు దించి చేతులు వదిలేదాకా, ఆమె రెప్ప వేయకుండా చూసింది.